పదిహేను అడుగుల దగ్గర మొండికేసిన ఫిల్టరు పాయింటు: గొట్టం ఎందుకు విరిగింది, రెండోసారి ఎలా దిగింది

కృష్ణా డెల్టాలో ఫిల్టరు పాయింటు (తక్కువ లోతు గొట్టపు బావి) అనగానే చేతిబోరు వేసి నాలుగంగుళాల పీవీసీ గొట్టం దించేది గుర్తొస్తుంది. ఈ కేసు దాని చిన్న తమ్ముడిది. ఇంచుంపావు జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం అడుగున ఉక్కు మొన, దానిపైన జల్లెడ గొట్టం బిగించి, పైనుంచి దెబ్బలు వేసి భూమిలోకి దించే రకం. ఇందులో పడే దెబ్బలన్నీ గొట్టమే భరించాలి. కాబట్టి పని చెడితే చాలాసార్లు నేల పాడు కాదు, గొట్టమే పాడవుతుంది.

స్థలం విజయవాడ దిగువన, యనమలకుదురు దాటాక, కృష్ణ కరకట్టకు ఊరివైపున్న ముప్పై సెంట్ల ఆకుకూరల మడి. బందరు కాలువ పారినన్నాళ్ళు నీటికి లోటు లేదు. వేసవిలో కాలువలు కట్టేశాక తోటకూర, గోంగూర, పాలకూర మళ్ళకు రోజుకు ఆరు వేల లీటర్లు కావాలి. ముప్పై సెంట్లకు ఐదు మిల్లీమీటర్ల తడి అంటే అంతే వస్తుంది. గంటకు పదిహేను వందల లీటర్ల చొప్పున నాలుగు గంటలు మోటారు ఆడితే చాలు. దీనికి పెద్ద బోరు దించడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. కొట్టి దించే పాయింటు ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, తప్పు దించిన తీరులో ఉంది.

మొదటిసారి ఏం చేశారు

లైటు రకం, అంటే పసుపు పట్టీ ఉన్న ఇంచుంపావు జీఐ గొట్టం తెచ్చారు. ఇరవై అడుగుల గొట్టాన్ని ఐదేసి అడుగుల ముక్కలు చేసి, ప్లంబింగు పనికి వేసినట్టే రెండు వైపులా మరలు వేయించారు. అతుకులకు బజారులో దొరికే మామూలు సాకెట్లు వాడారు. మూడున్నర అడుగుల పాయింటులో మూడడుగులు జల్లెడ. చిల్లుల గొట్టానికి 60 నంబరు ఇత్తడి జాలి చుట్టి టంకం పెట్టారు, దానిమీద తొడుగు లేదు. నేలలో ముందుగా రంధ్రం వేయలేదు. రేగడి మీద మొన నిలబెట్టి, పైన సాకెట్టు బిగించి, పది పౌన్ల సమ్మెటతో ఆ సాకెట్టు మీదే కొట్టుకుంటూ పోయారు.

పన్నెండు అడుగుల వరకు నెమ్మదిగానైనా దిగింది. ఆ తర్వాత సమ్మెట ఎగిరిపడటం మొదలైంది. మూడడుగులు దిగడానికి గంటకు పైగా పట్టింది. పదిహేను అడుగుల దగ్గర అరగంట కొట్టినా కదలిక లేదు. తర్వాత ఒక్కసారిగా గొట్టం నాలుగంగుళాలు జారింది. పొర దాటిందనుకుని సంతోషించారు. నిజానికి అక్కడే గొట్టం విరిగింది. పైముక్క కిందిముక్క పక్కకు జారడం వల్ల వచ్చిన నాలుగంగుళాలవి. రెంచి వేసి తిప్పితే గొట్టం ఊరికే గిరగిరా తిరిగింది.

దీన్నిబట్టి ఒక గుర్తు పెట్టుకోవచ్చు. మొండికేసిన గొట్టం ఉన్నట్టుండి తేలిగ్గా దిగితే ముందు రెంచి వేసి చూడాలి. అతుకులన్నీ బిగువుగా ఉంటే తిప్పడానికి చేతికి బరువు తగులుతుంది. తేలిగ్గా తిరిగితే ఇంకొక్క దెబ్బ కూడా వేయకూడదు. ఎందుకంటే ఆ తర్వాత పడే ప్రతి దెబ్బా కిందిముక్క నోటిని నలిపేస్తుంది, అప్పుడు దాన్ని పట్టి లాగడానికి అంచు కూడా మిగలదు.

తీసి చూస్తే

విరిగింది పైనుంచి రెండో సాకెట్టు దగ్గర, నేలకు ఆరున్నర అడుగుల లోతులో. పక్కలకు చెక్కలు ఆనించి ఏడడుగుల గొయ్యి తవ్వారు. రేగడి ఎంత గట్టిగా కనబడినా అంత లోతు గోతిలోకి చెక్కలు లేకుండా మనిషిని దింపకూడదు. కిందిముక్కకు ఇనుప పట్టీ బిగించి, రెండు పక్కలా రెండు హైడ్రాలిక్ జాకీలు పెట్టి సమంగా ఎత్తితే పాయింటుతో సహా పైకొచ్చింది. అలా రావడం అదృష్టం. చాలా కేసుల్లో ఆ ముక్క భూమిలోనే ఉండిపోతుంది, కారణం కూడా దాంతోపాటే ఉండిపోతుంది.

విరిగిన అంచు కడిగి చూస్తే కథంతా అక్కడే కనబడింది. విరుపు సాకెట్టు నోటి బయట, గొట్టం మీద చివరి మర గాడిలోనే ఉంది. చుట్టుకొలతలో ముప్పావు భాగం అరిగి నునుపెక్కింది, బురద దూరి నల్లబడింది. మిగిలిన పావు భాగం మాత్రం కొత్త ఉక్కులా గరుకుగా మెరుస్తోంది. అంటే ఒక్క దెబ్బకు విరగలేదు. బీట ముందే పడింది, వందల దెబ్బలకు కొంచెం కొంచెంగా పాకింది, చివరికి మిగిలిన పావు భాగం బరువు ఆపలేక తెగింది. సాకెట్టును నిలువునా కోస్తే లోపల రెండు గొట్టాల చివర్ల మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. దెబ్బ ఒక గొట్టం నుంచి రెండో గొట్టానికి నేరుగా అందలేదు, మధ్యలో మరల మీదుగా దాటింది. సాకెట్టు లోపలి మరలు ఒక వైపుకు వాలి, తలలు నలిగి ఉన్నాయి.

ఇక్కడ కొలతలు చూస్తే విషయం తేటపడుతుంది. ఇంచుంపావు జీఐ గొట్టం బయటి వ్యాసం 42.4 మిల్లీమీటర్లు. గోడ మందం లైటులో 2.6, నీలం పట్టీ మీడియంలో 3.2, ఎర్రపట్టీ హెవీలో 4 మిల్లీమీటర్లు. బయట మూడూ ఒకేలా కనబడతాయి, మరలూ ఒకటే: అంగుళానికి 11, లోతు మర వేసేటప్పుడు తరిగే పైపొరతో కలిపి దాదాపు 1.7 మిల్లీమీటర్లు. ఆ లోతు గోడలోంచి పోతుంది కాబట్టి మర గాడి అడుగున మిగిలే మందం లైటులో 0.9, మీడియంలో 1.5, హెవీలో 2.3 మిల్లీమీటర్లు. గొట్టం కొనేటప్పుడు 2.6కూ 4కూ తేడా ఒకటిన్నర రెట్లే అనిపిస్తుంది. దెబ్బ తగిలే చోట అది రెండున్నర రెట్లు. లైటు గొట్టంతో పాయింటు దించడమంటే మిల్లీమీటరు కూడా లేని రేకు మీద సమ్మెట ఆడించడమే.

మామూలు మరల స్వభావం కూడా తెలుసుకోవాలి. ప్లంబింగులో గొట్టం మీద మరలు కొస వైపు సన్నబడేలా వేస్తారు, బిగించేకొద్దీ మేకులా పట్టుకోవాలని. నీటి లైనుకు అది మంచిదే. నిలువుగా దెబ్బ పడితే మాత్రం ఆ మేకు సాకెట్టును లోపలినుంచి చీల్చాలని చూస్తుంది. సాకెట్టు చీలకపోతే మరలు నలుగుతాయి. నలిగాక అతుకు వదులవుతుంది. వదులైన అతుకు ప్రతి దెబ్బకూ అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుడంతా చివరి మర గాడి దగ్గర చేరి బీట పుడుతుంది. మర వేయకముందు గొట్టం ఎంత గట్టిదైనా, మర ఆగిన చోటు దాని బలహీనత.

పాయింటు సంగతి చూద్దాం. మొన కొస ఒక వైపుకు మూడు మిల్లీమీటర్లు వంగింది. జాలి కింది భాగంలో నాలుగంగుళాల మేర చిరిగింది. మిగతా జాలిలో నల్ల రేగడి అచ్చు పోసినట్టు దిట్టంగా కూరుకుంది, పుల్లతో గీకినా రాలేదు. గొట్టం విరగకుండా దిగి ఉన్నా ఆ జల్లెడలోంచి నీళ్ళు వచ్చేవి కావు. చిరిగిన చోట ఇసుక మాత్రం వచ్చేది. జాలి సందుల్లో తెల్లటి సున్నపు గులకల ముక్కలు చిక్కి ఉన్నాయి. పన్నెండు అడుగుల దగ్గర సమ్మెట ఎందుకు ఎగిరిపడిందో అప్పుడు తెలిసింది. రేగడి అడుగున, ఇసుక మొదలయ్యే ముందు గులకల పొర ఒకటి ఉంది. ఆగర్ (చేత్తో తిప్పి మట్టి తోడే బర్మా) వేసి ఉంటే అరగంటలో తెలిసేది.

సమ్మెట మాటకొస్తే, బలం ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. లెక్క వేస్తే అలా లేదు. పది పౌన్ల సమ్మెటను గట్టిగా తిప్పి కొట్టినా, పంతొమ్మిది కిలోల దిమ్మను రెండడుగుల ఎత్తునుంచి వదిలినా దెబ్బలో శక్తి దాదాపు సమానం. తేడా దెబ్బ తగిలే తీరులో ఉంది. సమ్మెట వేగంగా, ఎప్పుడూ కాస్త ఏటవాలుగా తగులుతుంది. ఆ పక్క తోపుతో గొట్టం వెదురుబద్దలా ఊగుతుంది. దిమ్మ నెమ్మదిగా, నిటారుగా పడి ఆ బరువంతా మొన దాకా పంపుతుంది.

తీసేసిన చోటును అలా వదిలేయకూడదు. పై మురుగు నేరుగా ఇసుక పొరలోకి దిగడానికి అది దారి అవుతుంది. ఇక్కడ రంధ్రం అడుగునుంచి సిమెంటు పాలు పోసి, గొయ్యిని తవ్విన మట్టితోనే పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చారు.

రెండోసారికి తయారీ

కొత్త చోటు పాత గొయ్యికి ఎనిమిదడుగుల దూరంలో తీసుకున్నారు. తవ్వి పూడ్చిన వదులు మట్టిలో గొట్టం నిటారుగా నిలవదు. మరుగుదొడ్డి గుంతకు ఇరవై మీటర్ల పైనే దూరం ఉందని కూడా చూశారు.

గొట్టం ఎర్రపట్టీ హెవీ రకం. ఐదడుగుల ముక్కలు నాలుగు, రెండున్నర అడుగుల ముక్క ఒకటి. పాయింటు మూడున్నర అడుగులు. మొత్తం ఇరవై ఆరు అడుగులు, అందులో ఒకటిన్నర అడుగులు నేలపైన. ముక్కలు హాక్సాతో కోసినా, చివర్లను లేతు మీద పెట్టి మూలమట్టంగా చదును చేయించాలి. చేతికోతలో చివర ఒక మిల్లీమీటరు వాలినా రెండు గొట్టాలు ఒక పక్కే ఆనతాయి, దెబ్బ ఆ పక్కనుంచే పోతుంది, గొట్టం అటే వంగుతుంది. ఆ తర్వాత లోపలి అంచు గరుకును ఆకురాయితో తీసేయాలి.

ఈ పనిలో అసలు కీలకం సాకెట్టు. దెబ్బ భరించే సాకెట్టు మన బజారులో అడగ్గానే దొరకదు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లేతు పనివాడైనా చేసిస్తాడు. మందపాటి అతుకులేని ఉక్కు గొట్టం, బయటి వ్యాసం 54, పొడవు 80 మిల్లీమీటర్లు. మధ్య 60 మిల్లీమీటర్లు సమాంతర మరలు, రెండు చివర్లా పదేసి మిల్లీమీటర్లు మర లేకుండా 43 వ్యాసానికి తొలిచిన నున్నటి కంత. గొట్టాల మీద కూడా 30 మిల్లీమీటర్ల పొడవున, సన్నబడకుండా, సమాంతర మరలే వేయించాలి. అప్పుడు రెండు గొట్టాలూ సాకెట్టు నడిమధ్య ఒకదాన్నొకటి ఢీకొట్టి ఆగుతాయి. దెబ్బ గొట్టం చివరనుంచి గొట్టం చివరకే పోతుంది. మరలకు మిగిలే పని రెండింటినీ విడిపోకుండా పట్టుకోవడమే. చివర్ల నున్నటి కంత గొట్టం మీద మర ఆగిన చోటును కప్పేసి, ఊగుడు అక్కడ చేరకుండా ఆపుతుంది. మొదటి గొట్టం విరిగింది సరిగ్గా అక్కడే.

ఢీకొన్నాయా లేదా అన్నది ఊహించి వదిలేయకూడదు. ఒక గొట్టం చివర సుద్ద రాసి బిగించి విప్పి చూస్తే, రెండో గొట్టం అంచు చుట్టూ సుద్ద అంటి ఉండాలి. సగం చుట్టే అంటితే చివర వాలిందన్నమాట, మళ్ళీ లేతుకు పంపాలి. ఇక్కడ ఐదు అతుకుల్లో ఒకటి అలా తేలింది.

సమాంతర మరలు గాలి పట్టకుండా ఉండాలంటే జనపనార పోగులు పలచగా చుట్టి, జాయింటు పేస్టు రాసి బిగించాలి. నార ఎక్కువైతే గొట్టాలు ఢీకొనవు, అదొక కొత్త తంటా. టెఫ్లాన్ టేపు దెబ్బలకు తెగి ముద్దవుతుంది.

దెబ్బ పడే తలకు వేరే టోపీ. అరవై మిల్లీమీటర్ల కమ్మీ ముక్కలో ముప్పై మిల్లీమీటర్ల లోతు మర, దానిపైన ముప్పై మిల్లీమీటర్ల దట్టమైన ఉక్కు. గొట్టం చివర టోపీ లోపలి చదునుకు ఆనేదాకా బిగించాలి. పక్కన ఆరు మిల్లీమీటర్ల కంత ఒకటి, గాలి పోవడానికి. బజారు జీఐ మూత ఇందుకు పనికిరాదు. అది మరల మీదే కూర్చుంటుంది, పది దెబ్బలకు పెచ్చులూడుతుంది. ఇక సాకెట్టు మీద కొట్టే అలవాటును పూర్తిగా మానుకోవాలి.

దిమ్మకు రెండున్నర అంగుళాల హెవీ గొట్టం మూడడుగుల ముక్క. ఒక చివర లోపల 75 మిల్లీమీటర్ల కమ్మీ అడుగు పొడవు ముక్క పట్టేలా లేతు మీద తరిగి దూర్చి వెల్డింగు చేశారు. చేతిపిడులతో కలిపి పంతొమ్మిది కిలోలు. ఇది టోపీ మీదుగా గొట్టానికి తొడుగులా దిగుతుంది కాబట్టి ఇద్దరు మనుషులు ఎంత అడ్డదిడ్డంగా ఎత్తినా దెబ్బ నిటారుగానే పడుతుంది. ఇంతకన్నా బరువు దిమ్మ కావాలంటే మూడు సరుగుడు బాదులు నిలబెట్టి, కప్పీకి మోకు వేసి ఎత్తాలి. ఇంచుంపావు గొట్టానికి ముప్పై కిలోలు దాటనివ్వకపోవడం మంచిది.

పాయింటు ఈసారి జాలి మీద చిల్లుల ఇత్తడి తొడుగు ఉన్నది. మొన దాని పైనున్న జల్లెడ కన్నా మూడు నాలుగు మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి. మొన చేసిన దారిలో జల్లెడ ఒరుసుకోకుండా దిగుతుంది. దించేముందు తొడుగు చిల్లులను బట్టల సబ్బుతో నింపేశారు. బురద కూరుకోవాల్సిన చోట సబ్బు ఉంటుంది, తర్వాత నీళ్ళకు కరిగిపోతుంది.

ముందు ఆగర్, తర్వాతే దెబ్బ

కొట్టి దించే పాయింటులో సగం పని కొట్టకుండానే అయిపోవాలి. మూడంగుళాల చేతి ఆగర్‌తో దిగినంత లోతు దిగాక, ఆగర్ ఇక పనిచేయని ఇసుకలో మాత్రమే దెబ్బలు వేయాలి.

ఇక్కడ ఆగర్ చెప్పిన లెక్క ఇది. తొమ్మిది అడుగుల వరకు నల్ల రేగడి. అక్కడినుంచి పన్నెండు వరకు పసుపు కలిసిన మెత్తటి ఒండ్రు బంక. పన్నెండు నుంచి పదమూడు వరకు సున్నపు గులకలు, గోలీకాయ నుంచి నిమ్మకాయంత. తర్వాత సన్న ఇసుక. గులకల పొరలో ఆగర్ తిరగలేదు. కమ్మీ చివర ఉలి మొన వెల్డింగు చేసి, దానితో పొడిచి పగలగొట్టి, ముక్కలను ఆగర్‌తో పైకి తెచ్చారు. ఈ అడుగుకే గంట పట్టింది. మొదటిసారి మొన వంగింది, జాలి చిరిగింది ఈ అడుగులోనే. పదమూడు దగ్గర తగిలిన నీరు పదకొండు అడుగులకు లేచి నిలిచింది. పదమూడున్నర దగ్గర ఇసుక రంధ్రంలోకి కూలడం మొదలైంది. ఎంత తీసినా అంతే నిండుతుంటే ఆగర్ పని అయిపోయినట్టే.

పాయింటును దించి, రెండు పక్కల లంబకోణంలో రసమట్టం ఆనించి నిటారు చూశారు. రంధ్రంలో పదమూడున్నర అడుగులు వేలాడుతున్న గొట్టం దానంతటదే నిటారుగా నిలుస్తుంది, ముందు ఆగర్ వేయడంలో ఇది రెండో లాభం. వాలితే మొదటి రెండడుగుల్లోనే సరిచేయాలి. ఆ తర్వాత గొట్టాన్ని పక్కకు తోసి నిలబెట్టే ప్రయత్నం అతుకుల మీద వంపు పెడుతుంది. పైకి లాగి మళ్ళీ మొదలుపెట్టడమే నయం.

దెబ్బల లెక్క ప్రతి అడుగుకూ రాసిపెట్టారు. గొట్టం మీద అడుగడుగుకూ సుద్దగీత గీస్తే చాలు. పదమూడున్నర నుంచి పదిహేను దాకా అడుగుకు ఇరవై దెబ్బలు. పదిహేను నుంచి పదిహేడు దాకా ముప్పై రెండు చొప్పున, ఇది బిగిసిన సన్న ఇసుక. ఇక్కడ గొట్టం నిండా నీళ్ళు పోస్తూ కొట్టారు. జల్లెడలోంచి బయటికి వెళ్ళే నీరు మొన చుట్టూ ఇసుకను వదులు చేస్తుంది, సన్న రేణువులు లోపలికి రాకుండా తోస్తుంది. పదిహేడు దాటగానే చప్పుడు మారింది. అప్పటిదాకా మెత్తగా ధబ్బుమన్నది, ఇసుక బస్తా మీద కర్రతో కొట్టినట్టు గరగరలాడింది. దెబ్బలు అడుగుకు పదకొండుకు పడిపోయాయి, ముతక ఇసుక. ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగున్నర దాకా పద్నాలుగు. మొత్తం 184 దెబ్బలు. మొదటిసారి పడినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

చప్పుడు, దిమ్మ ఎగురుడు కలిపి వినడం నేర్చుకుంటే కింద ఏముందో చూడకుండానే తెలుస్తుంది. తడి బంకలో చప్పుడు ఉండదు, దిమ్మ ఎగరదు, గొట్టం మెల్లగా ఒకే తీరున దిగుతుంది. ఇసుకలో చురుగ్గా దిగుతుంది. రాయి తగిలితే గంట కొట్టినట్టు మోగుతుంది, దిమ్మ చేతుల్లోకి ఎగిరొస్తుంది. నియమం ఒక్కటే: పది దెబ్బలకు అంగుళం దిగకపోతే ఆపాలి. నీళ్ళు పోసి, గొట్టాన్ని కాస్త తిప్పి మరో పది దెబ్బలు వేయవచ్చు. అప్పటికీ కదలకపోతే పైకి లాగి నాలుగడుగులు జరగాలి. దిగని గొట్టం మీద పడే దెబ్బ నేలలోకి పోదు కాబట్టి గొట్టంలోనే మిగిలిపోతుంది.

ప్రతి పది దెబ్బలకోసారి పద్దెనిమిది అంగుళాల రెంచితో గొట్టాన్ని బిగువు వైపు అర చుట్టు తిప్పాలి. దెబ్బల అదురుకు అతుకు కొంచెం వదులవుతుంది, ఆ వదులును తీసుకోవడానికే ఈ తిప్పుడు. బలం పెట్టి తిప్పితే కింద జల్లెడ మెలిపడుతుంది, చిల్లుల గొట్టానికి మెలికను తట్టుకునే బలం తక్కువ. ఒంటి చేత్తో తిరిగినంతే. వెనక్కి ఒక్క చుట్టు కూడా తిప్పకూడదు. రెంచి పళ్ళ గాట్లు కూడా బీటకు పుట్టుచోట్లే, కాబట్టి పట్టు మరల దగ్గర కాకుండా ముక్క మధ్యలో ఉండాలి.

నీళ్ళు, ఇసుక

ఎక్కడ ఆపాలన్నది గొట్టాన్ని నింపి చూస్తే తెలుస్తుంది. పందొమ్మిది అడుగుల దగ్గర పైదాకా నీళ్ళు పోస్తే మట్టం నిమిషానికి అడుగున్నర చొప్పున బద్ధకంగా దిగింది. జల్లెడలో సగం ఇంకా సన్న ఇసుకలోనే ఉంది. ఇరవై నాలుగున్నర దగ్గర పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోయాయి. జల్లెడ ఇప్పుడు ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు అడుగుల మధ్య, పూర్తిగా ముతక ఇసుకలో ఉంది.

మర్నాడు కడుగుడు. పంపు పెట్టి ఒక్కసారిగా లాగితే సన్న ఇసుక అంతా జాలి మీదకు వచ్చి గోడ కడుతుంది. ముందు గొట్టంలో సరిపడా తోలు వాషర్లున్న పిస్టను కమ్మీతో నీటిమట్టం కింద అరగంట పైకీ కిందకీ ఆడించారు, మొదట మెల్లగా, తర్వాత కాస్త వేగంగా. లోపల చేరిన ఇసుకను సన్న గొట్టంతో నీళ్ళు పంపి కడిగేశారు. ఇలా నాలుగు విడతలు. మొదట నిమిషానికి పన్నెండు లీటర్ల బురద నీళ్ళు వచ్చాయి, మూడు గంటల తర్వాత తేటగా ఇరవై ఎనిమిది. బకెట్ అడుగున చిటికెడు ఇసుక కూడా లేదు.

వస్తున్నాయి కదా అని అన్నీ లాగకూడదు. జల్లెడ సందుల్లోంచి నీరు సెకనుకు మూడు సెంటీమీటర్లకు మించిన వేగంతో దూరితే ఇసుకను వెంట తెస్తుంది. మూడడుగుల జల్లెడ చుట్టు వైశాల్యం దాదాపు 0.12 చదరపు మీటర్లు, అందులో నీరు దూరే తెరుపు ఎనిమిదో వంతు అనుకుంటే నిమిషానికి ఇరవై ఆరు, ఇరవై ఏడు లీటర్లు. అందుకే డెలివరీ వాల్వు తిప్పి ఇరవై ఐదు దగ్గర కట్టడి చేశారు. గంటకు పదిహేను వందలు, కావాల్సినంత.

పంపు నేలమీదే, అర హార్స్‌పవర్ మోనోబ్లాకు. ఇక్కడ చూసుకోవాల్సింది పీల్చే లోతు. గాలి పీడనం లెక్కకు 10.3 మీటర్లు ఉన్నా, పనిలో ఏడు మీటర్లు దాటితే నేలమీది పంపు సరిగ్గా పీల్చలేదు. ఆడుతున్నప్పుడు నీటిమట్టం పదకొండు నుంచి పదిహేను అడుగులకు పడింది. వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన ఏరు సన్నబడుతుంది కాబట్టి మరో మూడడుగులు కలిపినా పద్దెనిమిది, అంటే ఐదున్నర మీటర్లు. నీరు వెనక్కి జారకుండా పైన నాన్ రిటర్న్ వాల్వు పెట్టారు. పంపు తరచు గాలి పట్టి నీళ్ళు వదిలేస్తే తప్పు పంపుది కాకపోవచ్చు, నీటిమట్టానికి పైనున్న అతుకులను ముందు అనుమానించాలి.

గొట్టానికీ రంధ్రానికీ మధ్య సందును వదిలేస్తే పైన చేసిన జాగ్రత్తంతా వృథా. అడుగునుంచి పదకొండు అడుగుల లోతు దాకా ఇసుక నింపి, దానిపైన అడుగు మందం రేగడి ఉండలు వేసి కమ్మీతో దట్టించి, మిగతా పది అడుగులకు పన్నెండున్నర కిలోల సిమెంటు ఆరు లీటర్ల నీళ్ళలో కలిపి పోశారు. చుట్టూ బయటికి వాలుగా మూడడుగుల గచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు, కృష్ణ రెండూ ఒకేసారి పొంగినప్పుడు నీట మునిగిన బావులను తలచుకుంటే, గొట్టం తల ఒకటిన్నర అడుగు పైకి ఉండటం కూడా తక్కువే. వరద హెచ్చరిక రాగానే మోటారు విప్పి మరల మూత బిగించే ఏర్పాటు చేశారు. క్రిమిసంహారానికి యాభై లీటర్ల నీళ్ళలో పదిహేను గ్రాముల తాజా బ్లీచింగు పౌడరు కలిపి, తేరిన నీటిని గొట్టంలో పోసి రాత్రంతా ఉంచి, వాసన పోయేదాకా తోడారు. ఈ నీరు మళ్ళకు. తాగాలంటే ప్రయోగశాల పరీక్ష తర్వాతే.

ఎక్కడ పనికిరాదు

గుణదల, మొగల్రాజపురం, ఉండవల్లి కొండల వారన గానీ గుంటూరు పట్టణంలో గానీ ఈ పద్ధతి తలపెట్టకపోవడం మేలు, కింద రాయి. కింది డెల్టాలో, బందరు, రేపల్లె వైపు పోయేకొద్దీ తీపి నీటి పొర పలచన, లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. అక్కడ ఇరవై అడుగులు దాటేముందు ప్రతి రెండడుగులకూ నీరు రుచి చూడాలి. నీటిమట్టం వేసవిలో ఇరవై అడుగుల కిందకు పోయే చోట, ముప్పై అడుగుల లోతు దాటాల్సిన చోట, ఎకరాలు తడపాల్సిన చోట చేతిబోరు మేస్త్రిని పిలిచి పీవీసీ గొట్టం దింపించడమే సబబు. పీవీసీని మాత్రం ఎక్కడా కొట్టి దించకూడదు.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బావులన్నీ నమోదు కావాలి, చిన్న పాయింటని మినహాయింపు అనుకోవద్దు. ఊరి మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపు అయితే ముందే అధికారుల అనుమతి అడగాలి. కరకట్ట పాదం దగ్గరైతే ఇరిగేషను వాళ్ళ అనుమతి లేకుండా గునపం కూడా దించకూడదు.

ఈ పాయింటు ఇప్పుడు వేసవిలో రోజుకు నాలుగు గంటలు ఆడుతోంది. జాలి నెమ్మదిగా మూసుకుపోవడం సహజం. ఇరవై ఐదు లీటర్లు ఇరవైకి తగ్గిన రోజున పిస్టను మళ్ళీ ఆడించాలి. కొలవడానికి పదిహేను లీటర్ల బకెట్, ఫోనులో గడియారం చాలు: బకెట్ ముప్పై ఆరు సెకన్లలో నిండాలి, నలభై ఐదు పడితే కడుగుడు వేళ అయినట్టు.